మా దాదా మాట, ఇనాం రిజిస్టర్ మాట



"ఖబరస్తాన్ పక్క జమీన్ నవాబు మన ఖాందాన్‌కి ఇచ్చిన ఇనాం" అని మా దాదా చెప్పేవారు. సూళ్లూరుపేట దగ్గరి మా ఊళ్లో ఆ మాట మీద మా చాచాలకీ మస్జిద్ కమిటీకీ ఏళ్ల తరబడి తకరార్. సనద్ మాత్రం ఎవరి దగ్గరా లేదు. కాగజ్ ఏమంటుందో చూద్దామని నేనే బయల్దేరాను.

సూళ్లూరుపేటలో లోకల్ రైలెక్కితే మద్రాసు. మన పాత కథ చాలావరకు అక్కడే ఉంది. ఆర్కాటు నవాబు నుంచి ఈ ముల్క్ పాలన 1801లో కంపెనీ చేతికి పోయింది. 1953 అక్టోబర్ 1 దాకా మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. అందుకే ఎగ్మోరులో 1896లో తెరిచిన కన్నెమరా లైబ్రరీలో పాత గెజిట్లు, కోర్టు ఫైసలాల సంపుటాలు ముందేసుకుని కూర్చున్నాను.

అసలు దస్తావేజు ఇనాం ఫెయిర్ రిజిస్టర్. 1858లో మొదలైన ఇనాం కమిషన్ ప్రతి ఇనాం ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఎందుకిచ్చారు అని ఖానాల వారీగా రాయించింది. సొంత ఇనాం అయితే కొద్దిపాటి క్విట్‌రెంట్ కట్టి పూర్తి హక్కు పొందొచ్చు. మస్జిద్, దర్గా ఖిద్మత్ ఇనాం అయితే ఖిద్మత్ సాగినన్నాళ్లే. అరుణాచలం చెట్టి ముఖద్దమాలో 1919లో ప్రీవీ కౌన్సిల్ ఈ రిజిస్టర్‌ని బలమైన గవాహీగా తీసుకుంది. 1998లో సయ్యద్ అలీ కేసులో సుప్రీంకోర్టు, ఇనాముల రద్దు చట్టం కింద పట్టా వచ్చినా వక్ఫ్ వక్ఫేనంది.

చదవబోయేవారికి రెండు మాటలు. ఫసలీ సంవత్సరానికి 590 కలపండి: ఫసలీ 1271 అంటే 1861 జులైలో మొదలైన సాలు. పాత నంబరు, ఇప్పటి సర్వే నంబరు ఒకటి కావు; రెండూ జత కుదిరాకే మాట్లాడండి. సనద్, ఫసలీ, జమాబందీ, దర్ఖాస్తు అన్నీ మన ఇంటి లఫ్జులే కనుక భయపడక్కర్లేదు.

చివరికి మా రిజిస్టర్ నకలు చేతికొచ్చింది. పేరు ఖానాలో మా దాదాకి దాదా పేరే. గుండె ఉప్పొంగింది. పక్క ఖానా చదివాను: మస్జిద్ ఖిద్మత్ కోసం.

దాదా ఝూట్ చెప్పలేదు. సగమే ఆయన దాకా వచ్చింది. నకలు చాచా ముందు పెట్టాను. చాలాసేపు చూసి, "అయితే ఇది మనది కాదు బేటా, మన దగ్గరున్న అమానత్" అన్నారు. ఆ జుమ్మా నాడు ఆయనే దాన్ని కమిటీ సదర్ చేతికిచ్చారు.

మీ ఇంట్లోనూ ఇలాంటి మాట ఒకటుంటే, రెండు ఖానాలూ చదవండి.