అడ్డం పెట్టిన చేతులు

అర్ధరాత్రి దాటింది. పోయిన కరెంటు ఇప్పుడే వచ్చింది, ఫ్యాను మెల్లగా వేగం అందుకుంటోంది. ఒళ్లో జార్జ్ ఆర్వెల్ నవల ‘1984’. మూడో భాగం, అయిదో అధ్యాయం. కొద్ది పేజీలే. కాలేజీ రోజుల్లో వీటిని భయంతో గబగబా తిప్పేశాను. ఈ రాత్రి మాత్రం ఒక్క వాక్యం కూడా వదలదలచుకోలేదు.

ఖైదీలను హింసించే ప్రేమ మంత్రిత్వ శాఖ భవనంలో ఇంతకంటే లోతుకు దిగడానికి చోటు లేదు. ఇది 101వ నంబరు గది. కథానాయకుడు విన్‌స్టన్ స్మిత్‌ను కుర్చీలో నిటారుగా కట్టేశారు. వెనక నుంచి ఒక మెత్త తలను బిగించింది, మెడ కూడా తిప్పలేడు. ఎదురుగా ఆకుపచ్చ గుడ్డ పరిచిన రెండు చిన్న బల్లలు. అతన్ని విచారించే ఓబ్రయన్ వస్తాడు. కేకలుండవు, తిట్లుండవు. పాఠం చెప్పే మాస్టారిలా నెమ్మదిగా మాట్లాడతాడు. లోకంలో అన్నిటికంటే ఘోరమైనది ఒక్కో మనిషికి ఒక్కోటి అంటాడు. ఒకరికి సజీవ సమాధి కావడం, ఒకరికి మంటల్లో కాలడం. చెబుతూ చెబుతూ పక్కకు జరుగుతాడు. అప్పుడు కనిపిస్తుంది దూరపు బల్ల మీద తీగల బోను. పైన పట్టుకోవడానికి పిడి, ముందు మనిషి ముఖానికి తగిలించే తొడుగు, లోపల ఎలుకలు.

ఎలుకలంటే అతనికి ప్రాణం పోతుందని వీళ్లకెలా తెలిసింది? పాత సామాన్ల దుకాణం మేడ మీది గదిలో, ప్రియురాలు జూలియా పక్కన ఉన్నప్పుడు ఒక ఎలుక తల బయటికి పెట్టింది. జూలియా చెప్పు విసిరింది. విన్‌స్టన్ పాలిపోయాడు. గోడ మీది బొమ్మ వెనక నిఘా పెట్టే టెలిస్క్రీన్ ఉందని అప్పటికి ఇద్దరికీ తెలియదు. ప్రేమగా ఉన్న ఆ ఒక్క గదిలోంచే రాజ్యం ఈ భయాన్ని ఏరుకుంది. నా వేలు ఆ పేజీ మీదే ఆగిపోయింది.

బోను దగ్గరి బల్ల మీదికొచ్చింది. ఓబ్రయన్ చేతుల్లోకొచ్చింది. మొదటి మీట నొక్కాడు. ఇక మిగిలింది ఒక్క తలుపు. ఒక ఎలుక ఎగిరెగిరి పడుతోంది, ముసలిది తీగలు పట్టుకుని నిలబడి గాలి వాసన చూస్తోంది. చల్లని తీగ చెంపకు తగిలింది. ఆ క్షణంలో విన్‌స్టన్‌కు దారి దొరుకుతుంది. తనకూ ఎలుకలకూ మధ్య ఇంకో మనిషి దేహాన్ని అడ్డం పెట్టాలి. ఆ దేహం జూలియాది. తనను వదిలి ఆమెకు చెయ్యమని అరుస్తాడు, మళ్లీ మళ్లీ అరుస్తాడు. క్లిక్ మని చప్పుడు. తలుపు తెరుచుకున్న చప్పుడు కాదది, మూసుకున్న చప్పుడు.

పుస్తకం మూసి కూర్చున్నాను. గుండె ఇంకా కొట్టుకుంటోంది. ఎలుకల వల్ల కాదు, ‘అడ్డం’ అన్న మాట వల్ల. ఈ మాట ముందెక్కడో విన్నట్టుంది. మళ్లీ తెరిచి మొదటికి తిప్పాను.

దొరికింది. డైరీలో విన్‌స్టన్ మొట్టమొదట రాసుకున్నది సినిమాలో చూసిన దృశ్యం. శరణార్థుల పడవ, పైన హెలికాప్టర్, ఒక స్త్రీ ఒళ్లో మూడేళ్ల పిల్లవాడు. తన చేతులు తూటాలను ఆపుతాయన్నట్టుగా ఆమె బిడ్డను చుట్టేసుకుంటుంది. తరవాత కలలో అతని తల్లి. ఆకలితో చెల్లెలి చాక్లెట్ లాక్కుని అతను పారిపోయినప్పుడు, ఆ తల్లి ఏడుస్తున్న పసిదాన్ని చేత్తో దగ్గరికి హత్తుకుంది. చాక్లెట్ తిరిగి రాదు, పిల్ల బతకదు. అయినా ఆ చెయ్యి కదిలింది. మనుషులుగా మిగలడమంటే ఆ చెయ్యి కదపడమేనని విన్‌స్టన్‌కు తెలుసు. జైల్లో ఎముకలగూడులాంటి ఖైదీ 101కి వెళ్లనని ఏడుస్తూ, ఆరేళ్లు నిండని తన పిల్లల గొంతులు కళ్లముందే కోసుకోమన్నప్పుడు, ఇతనూ అక్కడే ఉన్నాడు.

అందుకే నాకు ఈ నవల శిఖరం ఎలుకల బోను కాదు. బిడ్డకు తన దేహాన్ని అడ్డం పెట్టిన తల్లి మొదట్లో, తనకు ప్రియురాలి దేహాన్ని అడ్డం పెట్టిన మనిషి చివర్లో. ఆర్వెల్ ఈ రెండింటి మధ్య మొత్తం నవలను సాగదీసి కట్టాడు. రాజ్యమేలే పార్టీకి కావలసింది విన్‌స్టన్ ఒప్పుకోలు కాదు, అది ఎప్పుడో అందింది. ఆ చేతుల దిశ మారడమే కావాలి. తరవాత పార్కులో ఇద్దరూ కలుసుకుని, నేనూ అంతే చేశానని చెప్పుకునే పేజీని ఈ రాత్రి చదవలేకపోయాను.

దానికి బదులు ఇంకో పడవ గుర్తొచ్చింది. ఆర్వెల్ ఈ నవల చిత్తుప్రతి స్కాట్లండ్‌లోని జూరా దీవిలో రాశాడు. 1947 ఆగస్టులో అక్కడి కొరివ్రెకన్ సుడిగుండం దగ్గర వాళ్ల పడవ చిక్కుకుని, మోటారు ఊడి నీళ్లలో పడింది. ఒక రాతి తిప్ప పక్కన పడవ బోల్తా కొట్టింది. దాని కింద చిక్కిన కొడుకు రిచర్డ్‌ను ఆర్వెల్ బయటికి లాగాడు. పిల్లవాడికి అప్పుడు మూడేళ్లు.