కాసాయి: ఖరగ్‌పూర్ నదికి చిన్న వ్యాఖ్య

కాసాయి: ఖరగ్‌పూర్‌కూ మేదినీపూర్‌కూ నడుమ పారే నది. పటాల్లో కంసావతి. ఇక్కడి బెంగాలీలూ, రైల్వే కొలువుకు వచ్చి స్థిరపడ్డ మనవాళ్లూ కాసాయి అనే అంటారు. పురూలియా జిల్లా ఝాల్దా దగ్గరి ఛోటానాగపూర్ గుట్టల్లో పుడుతుంది. రాతినేల ఏరు కనుక వాన పడితే పొంగుతుంది, వెలిస్తే ఇసుక తేలుతుంది.

కపిశ: రఘువంశంలో రఘుమహారాజు సేన ఏనుగులనే వంతెనగా నిలిపి దాటిన నది ఇదేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఆపైన ఉత్కళులు దారి చూపితే సేన కళింగం వైపు సాగింది. ఆ కావ్యానికి సంజీవని వ్యాఖ్య రాసింది మన మల్లినాథసూరి.

ఆనకట్ట: ఇక్కడ కాస్త ఆగాలి. 1852లో ధవళేశ్వరం పూర్తిచేసిన కాటన్ దొర ఆలోచనలతో పుట్టిన ఈస్టిండియా ఇరిగేషన్ కంపెనీ, 1860లలో ఒరిస్సాతోపాటు మేదినీపూర్ పనినీ తలకెత్తుకుంది. మేదినీపూర్ దగ్గర నదికి అడ్డుకట్ట వేసి, పాంస్కురా మీదుగా హుగ్లీ ఒడ్డున ఉలుబేడియా దాకా కాలువ తవ్వారు. పొలానికి నీరూ, పడవకు దారీ ఒకే కాలువలో దొరకాలన్నది కాటన్ పట్టుదల. డబ్బు చాలక కంపెనీ చేతులెత్తేస్తే ప్రభుత్వం ఆ పని తీసుకుంది. గోదావరి డెల్టాలో పండిన ఫలం ఇక్కడ పండలేదు. ఆలోచనలో లోపం లేదనే నా నమ్మకం. గోదావరికున్న నీటి నిలకడ కాసాయికి లేదు.

రైలు: 1900 ప్రాంతంలో బెంగాల్ నాగపూర్ రైల్వే వచ్చాక కాలువ పడవలకు గిరాకీ పడిపోయింది. 1902లో ఈస్ట్ కోస్ట్ రైల్వే ఉత్తర భాగం ఆ కంపెనీలో కలిసింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వాళ్లు రఘువు వెళ్లిన దారికి ఎదురుగా ఇటు వచ్చి, ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనికి కుదిరారు.

ముకుట్‌మణిపూర్: బాంకురా జిల్లాలో కాసాయి, కుమారి కలిసేచోట 1956లో మొదలైన మట్టికట్ట.

హల్దీ: మేదినీపూర్ దాటాక నది రెండు పాయలవుతుంది. ఒకటి రూప్‌నారాయణ్ వైపు పోతుంది. రెండోది కెలేఘాయితో కలిసి హల్దీ అయి, హల్దియా దగ్గర హుగ్లీలో పడుతుంది.

ఇసుక: ఎండాకాలంలో కాసాయి నీటిని దాచుకునే చోటు. ఖరగ్‌పూర్ కుళాయిలకు ఆ నీరే ఆధారం. ఇసుక లారీలకెక్కితే నీరు లోతుకు జారుతుంది. ఖరగ్‌పూర్ తెలుగు సంఘాలు తమ సభల్లో ఒక పూట ఈ నది కోసం కేటాయించాలి; ఇసుక తవ్వకాలపై పట్టణంలోని మిగతావాళ్లతో కలిసి గొంతెత్తాలి.