ముత్యానికి చోటు ఆగ్నేయం

దోహాలోని ఉమ్ ఘువైలినా లాంటి పాత పేటలో తెలుగు మాట వినపడితే వింతేమీ లేదు. ఆ మాట్లాడే మనిషి వేలికి నవరత్నాల ఉంగరం ఉందా? ఒకసారి తేరిపార చూడండి. నడుమ కెంపు, అది సూర్యుడిది. తూర్పున శుక్రుడి వజ్రం. అక్కణ్నుంచి ప్రదక్షిణంగా ముత్యం, పగడం, గోమేధికం, నీలం, వైడూర్యం, పుష్యరాగం, పచ్చ. చంద్రుడి ముత్యానికి దక్కింది ఆగ్నేయ మూల. రాయి ఎంత మేలైనదైనా చోటు తప్పితే శాస్త్రం ఒప్పదు. ఒక్కమాటలో, వేలికి తొడుక్కున్న నవగ్రహ మండపమది.

ఆ ముత్యానికి దోహాతోనూ చుట్టరికముంది. చమురు రాకముందు ఖతర్‌ను పోషించింది ముత్యాల వేటే. బస్రా ముత్యాలన్న పేరుతో హైదరాబాద్ పాతబస్తీకి చేరినవి ఈ గల్ఫ్ సరుకే. 1930ల్లో జపాన్ పెంపుడు ముత్యాలూ, ప్రపంచ మాంద్యమూ కలిసి ఆ వేటను కూలదోశాయి.

ఆ ఉంగరంలోలాగా రత్నానికీ రేఖకూ, అంటే కూర్పుకూ, మన గడ్డ మీద పొత్తు చాలా పాతది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి మేనత్త చాంతిసిరి 3వ శతాబ్దంలో నాగార్జునకొండలో మహాచైత్యమనే బౌద్ధ స్తూపాన్ని పూర్తి చేయించింది. వ్యాసం 106 అడుగులు. పైకి నున్నటి గుండ్రని కట్టడమే గానీ, లోపలి ఇటుక గోడలు చక్రం ఆకుల్లా నడుమ నుంచి అంచుకు సాగుతాయి. వాటి మధ్య గదుల్ని మట్టితో కూరేశారు. 1927-31 మధ్య తవ్వకాలు జరిపిన పురావస్తు అధికారి లాంగ్‌హర్‌స్ట్‌కు ధాతువు, అంటే పవిత్ర అవశేషం, దొరికింది నట్టనడుమ కాదు, అంచు వైపు గదిలో! స్తూపం రూపంలో వెండి భరిణె, అందులో చిన్న బంగారు పెట్టె, దానిలో ఎముక ముక్క. తోడుగా బంగారు పూలు, ముత్యాలు. అక్కడే ఇంకో స్తూపం కడుపులో ఇటుకలతో స్వస్తిక పేర్చారు. బౌద్ధులు బుద్ధుణ్నీ ధర్మాన్నీ సంఘాన్నీ త్రిరత్నాలంటారు. ధాతువు పక్కన అసలు రత్నాలు ఉంచడానికీ వెనకాడలేదు.

చుట్టూ ప్రదక్షిణ చేసిన భక్తుడికి ఆ ఆకులు గానీ, ఆ ముత్యాలు గానీ కంటపడే వీల్లేదు. ఉంగరం కూర్పు పక్కవాడికీ కనపడుతుంది. చైత్యం కూర్పు కట్టినవాళ్లకే ఎరుక. రెంటిలో నాకు ముచ్చటేసేది రెండోదే. చూసి మెచ్చుకునేవాడు లేకున్నా ఆ మేస్త్రీలు గీత తప్పనివ్వలేదు. ఇప్పుడా లోయ నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉంది. ధాతువును మాత్రం మహాబోధి సొసైటీకి అప్పగించారు. సారనాథ్ మూలగంధకుటి విహారంలో భద్రపరిచారు.