మౌలాలిలో గేర్‌బాక్సు దించిన ఆదివారం

నాన్న పాత కారు ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఇంట్లోనే దించుదామని కూర్చున్నా. మెకానిక్ చెప్పిన రేటు విని వచ్చిన పౌరుషం లెండి! టార్క్ కన్వర్టర్ బోల్టులు విప్పకుండా లాగితే లోపలి పంపు దెబ్బతింటుంది. నేనదే చేయబోయాను. డీజిల్ షెడ్డులో రిటైరైన పక్కింటి బాబాయ్ ఆపారు.

"మా ఇంజన్లకి ఈ బాధే లేదురా" అన్నారు.

నిజమే. 1939లో జనరల్ మోటార్స్ తెచ్చిన హైడ్రామాటిక్, గేర్లు మార్చే పనిని డ్రైవర్ చేతిలోంచి తప్పించింది. 1962లో అమెరికా ఆల్కో నుంచి మన రైల్వేకి వచ్చిన డబ్ల్యూడీఎం-2లో, 2600 హార్స్‌పవర్ ఉన్నా, గేర్లు మార్చే పెట్టే లేదు. డీజిల్ ఇంజను జనరేటర్‌ని తిప్పుతుంది, ఆ కరెంటు ఆరు మోటార్లని తిప్పుతుంది. మౌలాలి షెడ్డు ఏళ్ల తరబడి సాకింది వీటినే.

కష్టమైన మాడ్యూల్‌ని బాగా రాయడం ఒకటి, దాని అవసరమే లేకుండా చేయడం ఇంకొకటి. ఈ రెండోది మనకెప్పుడు తడుతుందో!

గేర్‌బాక్సు అరుగు మీదుంది. బాబాయ్ వచ్చే ఆదివారం వస్తానన్నారు.