పరుగొకరిది, పేరొకరిది

కంఠసర్పి అంటే ఇప్పటి తల్లులకు టీకా కార్డులో ఒక పేరు, అంతే. 1925 జనవరిలో అలాస్కాలోని నోమ్ ఊళ్లో పసిపిల్లలు దానితోనే పోతున్నారు. మందేమో రైలు ఆగిపోయినచోట, 1,085 కిలోమీటర్ల అవతల. మధ్యలో అంతా మంచే!

20 మంది బండివాళ్లు, 150 దాకా కుక్కలు, వంతులేసుకుని అయిదున్నర రోజుల్లో తెచ్చారు. ఒకే జట్టయితే దారిలోనే కూలిపోదూ? ఆ చలికి కుక్కల పొట్టకింద కుందేలుతోలు కట్టాలి. ఒకాయన మరిచాడట. పాపం, రెండు కుక్కలు పోయాయి.

అందరికన్నా ఎక్కువ దూరం, గడ్డకట్టిన సముద్రం మీదుగా, సెప్పాలా జట్టును నడిపింది పన్నెండేళ్ల టోగో. చివరి వంతు బాల్టోది. ఆ ఏడాదే న్యూయార్కులో బాల్టోకు విగ్రహం పెట్టారు. వంటంతా పెద్దకోడలు చేస్తే వడ్డించిన చిన్నకోడలికి మెప్పొచ్చినట్టే అనిపిస్తుంది నాకు. అదే ఊళ్లో టోగో విగ్రహం లేచేసరికి 2001 వచ్చింది.