రెజ్యూమెలో బాల్య పురస్కారాలు

ఉద్యోగార్థి తన చదువును, అనుభవాన్ని, నైపుణ్యాలను క్లుప్తంగా తెలిపే పత్రాన్ని రెజ్యూమె లేక బయోడేటా అంటారు. పాఠశాల దశలో పొందిన పురస్కారాలను పెద్దయిన తరువాత కూడా ఈ పత్రంలో పేర్కొనవచ్చునా, పేర్కొన్నచో ఎంతకాలం వరకు అనునది ఉద్యోగార్థులకు తరచుగా కలిగే సందేహం. మొదటి ఉద్యోగం లభించిన పిదప పాఠశాల నాటి విజయాలను తొలగించుట సాధారణ ఆచారం. ఈ ఆచారానికి మినహాయింపుగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని '''ఈగిల్ స్కౌట్''' హోదాను ఎక్కువగా ఉదహరిస్తారు. భారతదేశంలో రాష్ట్రపతి స్కౌట్ పురస్కారం, ఎన్.సి.సి. సర్టిఫికెట్లు ఇటువంటి స్థానమే కలిగి ఉన్నవి.

== సాధారణ ఆచారం ==

రెజ్యూమె జీవిత చరిత్ర కాదు. అభ్యర్థి ఆ ఉద్యోగానికి తగినవాడా కాదా అని నిర్ణయించుటకు పనికివచ్చే విషయాలే అందులో ఉండవలెను. కళాశాల నుండి అప్పుడే వెలువడిన వ్యక్తికి చెప్పుకొనుటకు ఉద్యోగానుభవం ఉండదు కనుక వక్తృత్వ పోటీలు, క్రీడలు, విద్యార్థి సంఘ బాధ్యతలు అతని స్వభావాన్ని తెలుపుతాయి. పదేళ్ళు పనిచేసిన వ్యక్తి విషయంలో ఆ పదేళ్ళ పనియే సాక్ష్యం. అటువంటి వ్యక్తి పాఠశాల బహుమతులను ముందుంచినచో ఆ తరువాత చెప్పుకోదగినది ఏమీ లేదేమో అనే అనుమానానికి తావిచ్చినట్లగును.

ధ్రువపత్రాలకు, పురస్కారాలకు గల భేదాన్ని కూడా గమనించవలెను. భారతదేశంలో పదవ తరగతి ధ్రువపత్రాన్ని ఉద్యోగ దరఖాస్తులలో జీవితాంతం అడుగుతారు. అందులోని పుట్టిన తేదీని వయసుకు రుజువుగా స్వీకరించుట అందుకు ముఖ్య కారణం. అది అధికారిక అవసరమే కాని విజయ ప్రకటన కాదు.

== ఈగిల్ స్కౌట్ ==

బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా సంస్థ 1910 ఫిబ్రవరి 8న స్థాపించబడినది. 2025 ఫిబ్రవరి 8 నుండి దీని పేరు స్కౌటింగ్ అమెరికాగా మారినది. ఇందులోని ఏడు అంచెలలో చివరిది ఈగిల్ స్కౌట్. ఈ హోదాను మొట్టమొదట 1912లో న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన ఆర్థర్ రోజ్ ఎల్‌డ్రెడ్ పొందెను. నాటి నుండి ఇరవై ఐదు లక్షలకు పైగా స్కౌట్లు దీనిని సాధించారు.

ఈ హోదాకు కావలసిన ముఖ్య అర్హతలు:

* కనీసం 21 యోగ్యతా బ్యాడ్జీలు సంపాదించుట. వీటిలో ప్రథమ చికిత్స, శిబిర జీవనం, పౌరధర్మం, సొంత ఆదాయ వ్యయాల నిర్వహణ వంటివి తప్పనిసరి.
* తన దళంలో ఆరు నెలల పాటు బాధ్యత గల పదవిని నిర్వహించుట.
* సమాజానికి ఉపయోగపడే ఒక సేవా కార్యక్రమాన్ని స్వయంగా రూపొందించి, ఇతరులచే పనిచేయించి పూర్తిచేయుట.
* సమీక్షా మండలి ఎదుట హాజరై ప్రశ్నలకు సమాధానం చెప్పుట.

అర్హతలను పదునెనిమిదవ పుట్టినరోజు లోపుగా పూర్తి చేయవలెను. వైకల్యం గలవారికి మాత్రం ఈ వయోపరిమితిలో సడలింపు కలదు.

అమెరికా అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్, చంద్రునిపై తొలుత అడుగిడిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, సినీ దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్ ఈ హోదా పొందినవారిలో ప్రముఖులు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఈ హోదాను సాధించుచున్నారు.

== మినహాయింపుకు కారణాలు ==

ఈ హోదా రెజ్యూమెలో నిలిచి ఉండుటకు మూడు కారణాలు చెప్పవచ్చును. మొదటిది, ఇది ఒకనాటి పోటీలో గెలిచిన బహుమతి కాదు. కొన్ని సంవత్సరాల కృషి ఫలితం. రెండవది, సంస్థ సంప్రదాయం ప్రకారం ఇది జీవితకాలపు హోదా. హోదా పొందినవారు పెద్దవారైనా "ఈగిల్ స్కౌట్‌గా ఉండెడివారు" అనక "ఈగిల్ స్కౌట్" అనియే వ్యవహరిస్తారు. మూడవది, హోదా విలువ అమెరికాలో చాలామందికి తెలిసియుండుట వలన వివరణ అవసరం ఉండదు. చదివే అధికారి కూడా స్కౌట్ అయినచో సంభాషణకు అది ఒక దారి అగును.

అమెరికా సైనిక దళాలలో సిపాయి స్థాయిలో చేరే ఈగిల్ స్కౌట్లకు ప్రారంభ వేతన శ్రేణి కన్న పైశ్రేణి లభించే అవకాశం కలదు. ఇక్కడ పురస్కారం కేవలం అలంకారం కాదు, నియమావళిలో గుర్తింపు పొందిన అర్హత.

అయితే సంస్థ కూడా బాల్య విజయంతోనే తృప్తి చెందలేదు. హోదా పొంది కనీసం పాతికేళ్ళు గడిచిన తరువాత, వృత్తిలోను సమాజసేవలోను విశేష ఖ్యాతి గడించినవారికి ఇచ్చే విశిష్ట ఈగిల్ స్కౌట్ పురస్కారాన్ని 1969లో నెలకొల్పినది. చిన్ననాటి హోదాకు పెద్దయ్యాక చేసిన పని తోడు కావలెను అను భావన ఇందులో కనిపించును.

== భారతదేశంలో ==

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థ 1950 నవంబరు 7న ఏర్పడినది. ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, రాజ్య పురస్కార్ దశలను దాటినవారు రాష్ట్రపతి పురస్కారానికి అర్హులగుదురు. భారతీయ రైల్వేలలో స్కౌట్స్, గైడ్స్ కోటా క్రింద కొన్ని నియామకాలు జరుగును. సికింద్రాబాదు కేంద్రంగా గల దక్షిణ మధ్య రైల్వే కూడా ఇటువంటి ప్రకటనలు వెలువరించినది. ఈ కోటాకు రాష్ట్రపతి స్కౌట్ వంటి పురస్కారంతో పాటు, గత ఐదేళ్ళుగా స్కౌటు ఉద్యమంలో చురుకైన సభ్యత్వం ఉండవలెనని నియమం. అనగా బాల్యంలో పొందిన పత్రం ఒక్కటే చాలదు, ఆ కృషి కొనసాగి ఉండవలెను.

నేషనల్ కేడెట్ కోర్ (ఎన్.సి.సి.) 1948లో ఏర్పడినది. పాఠశాల స్థాయిలో 'ఎ', కళాశాల స్థాయిలో 'బి', 'సి' సర్టిఫికెట్లు ఇస్తారు. 'సి' సర్టిఫికెట్టులో కనీసం 'బి' గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు గల అవివాహితులు ఎన్.సి.సి. ప్రత్యేక ప్రవేశం ద్వారా, రాతపరీక్ష లేకుండా, సైన్యంలో షార్ట్ సర్వీస్ కమిషన్ అధికారి పదవికై ఎంపిక మండలి ఇంటర్వ్యూకు దరఖాస్తు చేసుకొనవచ్చును. దీనికి వయసు 19 నుండి 25 సంవత్సరాల మధ్య ఉండవలెను. ఈ వయసు దాటినవారికి సర్టిఫికెట్టు యొక్క ఆ ప్రయోజనం ముగియును.

== అభ్యంతరాలు ==

'''అవకాశాల అసమానత:''' ఈగిల్ స్కౌట్ హోదా 2019 వరకు బాలికలకు అందుబాటులో లేదు. హోదా పొందిన బాలికల మొదటి బృందాన్ని సంస్థ 2021లో గుర్తించినది. గర్ల్ స్కౌట్స్ సంస్థ 1980 నుండి ఇచ్చుచున్న గోల్డ్ అవార్డు కూడా శ్రమతో కూడినదే అయినా దానికి అంతటి ప్రచారం లేదు. మన రాష్ట్రాలలోను అన్ని పాఠశాలలలో ఎన్.సి.సి. దళాలు గాని, స్కౌటు దళాలు గాని లేవు. పురస్కారం లేనంత మాత్రాన సామర్థ్యం లేనట్లు కాదు. సాయంకాలం పొలం పనికో, దుకాణానికో వెళ్ళిన విద్యార్థి నేర్చిన బాధ్యతకు ఏ పతకమూ ఉండదు.

లారెన్ రివెరా, ఆండ్రాష్ టిల్చిక్ 2016లో ప్రచురించిన పరిశోధనలో కల్పిత న్యాయవిద్యార్థుల రెజ్యూమెలను 316 న్యాయవాద కార్యాలయాలకు పంపిరి. చదువులో సమానులైనను, సంపన్నుల క్రీడలు, అభిరుచులు పేర్కొన్న పురుషులకు మిగిలిన వారికన్న చాలా ఎక్కువ పిలుపులు వచ్చినవి. కావున ఇటువంటి వివరాలు ప్రతిభను మాత్రమే కాక కుటుంబ స్థితిని కూడా సూచించును.

'''వయసు వెల్లడి:''' పురస్కారం పొందిన సంవత్సరాన్ని బట్టి అభ్యర్థి వయసును లెక్కించవచ్చును. అమెరికాలో 1967 నాటి చట్టం నలభై ఏళ్ళు, ఆ పైబడినవారిపై ఉద్యోగ వివక్షను నిషేధించినప్పటికీ, చాలామంది సంవత్సరాన్ని వదలివేస్తారు.

'''సంస్థపై వివాదాలు:''' స్వలింగ సంపర్కులైన నాయకులను తొలగించే హక్కు సంస్థకు కలదని 2000లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ కేసులో ఫిర్యాది అయిన జేమ్స్ డేల్ స్వయంగా ఈగిల్ స్కౌట్. పెద్దలపై గల ఈ నిషేధం 2015లో తొలగించబడినది. బాలలపై లైంగిక దురాగతాల దావాల కారణంగా సంస్థ 2020లో దివాలా రక్షణ కోరి, 2023లో దాని నుండి బయటపడినది. అందుచేత ఈ హోదాను చూచిన అందరూ ఒకే విధంగా స్పందించకపోవచ్చును.

== వ్రాయు పద్ధతి ==

* పత్రం చివర "పురస్కారాలు" లేక "సమాజసేవ" అను శీర్షిక క్రింద ఒక్క పంక్తిలో వ్రాయుట మేలు. బ్యాడ్జీల జాబితా అనవసరం.
* ఇతర దేశంలో దరఖాస్తు చేయునపుడు పురస్కారం ఏమిటో కొద్ది మాటలలో వివరించవలెను. రాష్ట్రపతి స్కౌట్ అనగా ఏమో అమెరికా అధికారికి, ఈగిల్ స్కౌట్ అనగా ఏమో హైదరాబాదు అధికారికి తెలియకపోవచ్చును.
* చేసిన పనిని చెప్పుట పేరును మాత్రమే చెప్పుట కన్న ఉపయోగకరం. ఉదాహరణకు ఎంతమందిని కూడగట్టినది, ఏమి నిర్మించినది తెలుపవచ్చును.
* అసలు ధ్రువపత్రాన్ని భద్రపరచుకొనవలెను. లేని పురస్కారాన్ని వ్రాసినచో, పరిశీలనలో బయటపడినపుడు ఉద్యోగమే పోవచ్చును.
* ఆ రంగంలో సేవ నేటికీ కొనసాగుచున్నచో దానినే ముందు పేర్కొనవలెను. స్కౌటు దళానికి శిక్షణ ఇచ్చుచున్న వ్యక్తికి బాల్య హోదా ఆ సేవకు మొదటి మెట్టుగా కనిపించును, గత వైభవంగా కాదు.

== ఇవి కూడా చూడండి ==

* స్కౌటు ఉద్యమం
* భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్
* నేషనల్ కేడెట్ కోర్
* బేడెన్ పవెల్