డైవింగ్ విహారం: రిసార్టు ప్యాకేజీ, సొంత ప్రయాణం

సముద్రం అడుగున పగడాల దిబ్బలు చూడటం కోసమే సెలవు పెట్టి వెళ్లే స్కూబా డైవర్ల ముందు రెండు దారులుంటాయి. ఒకటి గది, భోజనం, పడవ, గాలి సిలిండర్లు అన్నీ ఒకే చోట దొరికే రిసార్టు ప్యాకేజీ. రెండోది విమానం టికెట్టు, బస, డైవ్ సెంటర్ ఎవరికి వారు విడివిడిగా కుదుర్చుకునే సొంత ప్రయాణం. ఈ ఎంపికను చాలామంది డబ్బు లెక్కగానే చూస్తారు. డబ్బు ముఖ్యమే. కానీ అంతకంటే ముందు అక్కడి సముద్రం ఎలాంటిది, ఆ దేశపు చట్టం ఏమంటోంది అన్నవి తేలాలి. ఒడ్డు నుంచే నీళ్లలోకి దిగగలిగే చోట ఒక లెక్క, పడవ లేనిదే దిబ్బ చేరలేని చోట ఇంకో లెక్క.

అన్నీ కలిపి ఒకే ధర అనే పద్ధతికి ప్రచారం తెచ్చింది క్లబ్ మెడ్. బెల్జియంకు చెందిన గెరార్ బ్లిట్జ్ 1950లో స్పెయిన్‌లోని మయోర్కా దీవిలో గుడారాలు వేసి దాన్ని మొదలుపెట్టాడు. డైవింగ్‌లో ఆ పద్ధతి, దానికి ఎదురు నిలిచిన సొంత ప్రయాణం, రెండూ పక్కపక్కనే కనిపించే దేశం మాల్దీవులు. అక్కడ ఈ రెండింటినీ విడదీసింది చట్టమే, మళ్లీ దగ్గర చేసిందీ చట్టమే.

దీవికొక రిసార్టు

మాల్దీవుల్లో సుమారు 1,190 దీవులుంటే, జనం నివసించేవి దాదాపు 200. 1972లో ఇటలీకి చెందిన ట్రావెల్ ఏజెంటు జార్జ్ కార్బిన్ తీసుకొచ్చిన తొలి పర్యాటక బృందం రాజధాని మాలేలోని ఇళ్లలోనే బస చేసింది. అదే ఏడాది అక్టోబరులో కురుంబా రిసార్టు తెరుచుకుంది. ఆ తర్వాత మనుషులు లేని ఒక దీవిని ఒక సంస్థకు లీజుకిచ్చి, అక్కడ ఒకే రిసార్టు కట్టనివ్వడం ప్రభుత్వ విధానంగా స్థిరపడింది. విదేశీ అతిథులు రిసార్టు దీవుల్లో, మాల్దీవుల ప్రజలు తమ ఊళ్లున్న దీవుల్లో. దశాబ్దాల పాటు సాగిన ఈ విభజనలో సొంత ప్రయాణానికి దాదాపు చోటే లేకపోయింది.

2009 నుంచి నిబంధనలు సడలాయి. జనావాస దీవుల్లో గెస్ట్‌హౌసులు నడుపుకోవడానికి అనుమతి వచ్చింది. మాలేకు దక్షిణాన ఉన్న మాఫుషి మొదట్లోనే ఆ అవకాశాన్ని అందిపుచ్చుకుంది. చూస్తుండగానే ఒక్కో అటోల్‌లో, అంటే ఒక్కో పగడపు వలయం మీది దీవుల్లో, గెస్ట్‌హౌసులు లేచాయి, వాటి పక్కనే డైవ్ సెంటర్లూ వెలిశాయి. చేపలు పట్టే కుటుంబాల పిల్లలు తమ ఊరి దిబ్బలకే గైడ్లయ్యారు. మాల్దీవుల పర్యాటక చరిత్రలో ఇంతకంటే మంచి మార్పు మరొకటి లేదనే చెప్పాలి.

ప్యాకేజీలో ఏముంటుంది, ఏముండదు

రిసార్టు ఇచ్చే అసలైన వరం హౌస్ రీఫ్. దీవి చుట్టూ ఉన్న ఆ పగడపు దిబ్బకు పడవ అక్కర్లేదు. సర్టిఫికెట్ ఉన్న ఇద్దరు డైవర్లు, ముందుగా ఒక పరీక్ష డైవ్ చేసి చూపించాక, చాలాచోట్ల గైడు లేకుండానే జెట్టీ మెట్ల మీంచి దిగవచ్చు. జనావాస దీవుల్లో ఈ సుఖం తక్కువ. హార్బర్ల కోసం అక్కడ చాలాచోట్ల దిబ్బనే తవ్వాల్సి వచ్చింది. ఇంట్లో ఒకరికే డైవింగ్ ఇష్టమై, మిగతావారు పిల్లలతో ఒడ్డున గడపాలనుకునే కుటుంబానికి రిసార్టే సరైనది. మొదటిసారి నేర్చుకునేవారికీ అంతే. డైవింగ్ శిక్షణ సంస్థ ప్యాడీ ఓపెన్ వాటర్ కోర్సులో సముద్రంలో చేయాల్సిన డైవ్‌లు నాలుగు, అవీ కనీసం రెండు రోజుల మీద. దిబ్బ లోపలి అలల్లేని లగూన్, అడుగు దూరంలో గది ఉంటే ఆ పని హాయిగా సాగిపోతుంది.

అయితే ఒక సంగతి బుక్ చేసుకునే ముందే తెలుసుకోవాలి. మాల్దీవుల్లో అన్నీ కలిపి అనే ప్యాకేజీలో చాలాసార్లు డైవింగ్ కలవదు. భోజనం, పానీయాలు, స్నార్కెలింగ్ సామాను, ఒకటి రెండు విహారాలు కలుస్తాయి. డైవ్ సెంటర్‌ను మాత్రం ఎన్నో రిసార్టుల్లో వేరే సంస్థ నడుపుతుంది, దాని బిల్లు వేరు. సిలిండరుకు ఒకటి, పడవకు ఒకటి, అద్దె సామానుకు ఒకటి, దాని మీద పన్ను. రోజుకు రెండు డైవ్‌లు చేసేవారికి వారం చివర వచ్చే ఈ రెండో బిల్లు చిన్నదేమీ కాదు. డైవ్‌ల సంఖ్యతో సహా ధర చెప్పే ప్యాకేజీలు విడిగా ఉంటాయి, డైవర్లు అడగాల్సింది వాటిని గురించే.

పన్నుల్లోనూ తేడా ఉంది. 2025 జనవరి నుంచి రిసార్టులో ఉండేవారు గ్రీన్ టాక్స్ కింద మనిషికి రోజుకు 12 డాలర్లు కడుతున్నారు. జనావాస దీవుల్లో 50 లేదా అంతకన్నా తక్కువ గదులున్న గెస్ట్‌హౌసుల్లో అది 6 డాలర్లే. ఇద్దరు ఏడు రాత్రులుంటే ఒకచోట 168, ఇంకోచోట 84. 2025 జూలైలో 17 శాతానికి పెరిగిన పర్యాటక జీఎస్టీ దీనికి అదనం. దూరపు రిసార్టులకు సీప్లేన్ ఎక్కాలి. రానుపోను టికెట్టుకు ఒక్కొక్కరికి వందల డాలర్లవుతాయి. పైగా అది పగటిపూటే ఎగురుతుంది కాబట్టి, సాయంత్రం మాలేలో దిగినవారు ఆ రాత్రి అక్కడే గడపాలి. సామాను 20 కిలోలు, చేతిసంచి 5 కిలోలు అనే పరిమితి సొంత రెగ్యులేటర్, జాకెట్, ఫిన్స్ మోసుకెళ్లే డైవరుకు తప్పకుండా అడ్డొస్తుంది.

ఊరి దీవుల నుంచి

గెస్ట్‌హౌసుల బలం చౌకదనం ఒక్కటే అయితే ఈ చర్చ ఇంతదూరం వచ్చేది కాదు. మాల్దీవుల్లో డైవర్లు కలలుగనే కొన్ని జీవులకు దగ్గరగా ఉన్నది ఊరి దీవులే. దక్షిణ ఆరి అటోల్‌లోని దిగురా పక్కనే 2009లో ప్రకటించిన రక్షిత జలాల్లో వేల్ షార్కులు ఏడాది పొడవునా తిరుగుతాయి. వావు అటోల్‌లో అలిమతా రిసార్టు జెట్టీ కింద రాత్రిపూట నర్స్ షార్కులు గుంపులుగా చేరతాయి. ఆ డైవ్‌కు అదే అటోల్‌లోని ఫులిదూ ఊరి నుంచీ పడవలు వస్తాయి, ఒకే నీళ్లలో రెండు రకాల అతిథులూ దిగుతారు.

బా అటోల్‌లోని హనిఫారు అఖాతం సంగతి మరీ ముఖ్యం. 2011లో యునెస్కో జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించిన ఈ అటోల్‌లో, నైరుతి రుతుపవనాల కాలంలో మాంటాలనే పెద్ద టేకు చేపలు ప్లవకాలను తినడానికి పదుల సంఖ్యలో, ఒక్కోసారి వందకు పైగా వస్తాయి. 2012 నుంచి అక్కడ స్కూబా నిషిద్ధం. స్నార్కెల్‌తో మాత్రమే, గైడు వెంట, 45 నిమిషాలు. ఖరీదైన విల్లా నుంచి వచ్చినవారికీ, ధారవందూ గెస్ట్‌హౌసు నుంచి వచ్చినవారికీ అదే నియమం, అదే సమయం.

మాలేకు దాదాపు 500 కిలోమీటర్ల దక్షిణాన, భూమధ్యరేఖ దాటగానే ఉండే ఫువాములా అన్నింటికంటే గట్టి ఉదాహరణ. ఒకే దీవి ఉన్న అటోల్ అది. చుట్టూ లగూన్ లేదు, నేరుగా మహా సముద్రపు లోతే. హార్బరు దగ్గర జాలర్లు పారేసే చేపల వ్యర్థాలకు అలవాటుపడ్డ టైగర్ షార్కులు అక్కడ ఏడాదంతా కనిపిస్తాయి. 2010లో మాల్దీవులు తమ జలాలన్నింటిలో సొరల వేటను నిషేధించకపోతే ఈ దృశ్యం మిగిలేది కాదు. 2011లో విమానాశ్రయం తెరిచాక ఆ ఊరు డైవర్ల ఊరైంది. వచ్చేవారిలో చాలామంది బస గెస్ట్‌హౌసుల్లోనే, దిగేది ఊరి డైవ్ సెంటర్లతోనే.

ఊరి దీవుల్లో ఉండేవారు ఊరి కట్టుబాట్లు పాటించాలి. మద్యం దొరకదు. ఈత దుస్తుల్లో తిరగడానికి విడిగా కేటాయించిన తీరం ఉంటుంది, వీధుల్లో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. చాలా మార్గాల్లో శుక్రవారం ఫెర్రీలు నడవవు.

రుతుపవనాల చేతిలో

ఎక్కడ ఉండాలన్నది తేల్చేది చివరికి గాలి. అటోల్ అంటే మధ్యలో లగూన్ ఉన్న వలయాకారపు పగడపు గోడ. ఆ గోడలోని తెరుపులను అక్కడివారు కండూలంటారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో తూర్పువైపు కండూల గుండా తేటనీరు లోపలికి తోసుకొస్తుంది, వాటి నోటి దగ్గర సొరలు ఎదురీదుతూ నిలబడతాయి. అదే నీరు లగూన్‌లోని ప్లవకాలను మోసుకుని పడమటి తెరుపుల నుంచి బయటికి పోతుంది, మాంటాలు అటు చేరతాయి. మే నుంచి నవంబరు దాకా నైరుతి గాలులు వీచేటప్పుడు ఈ ఏర్పాటంతా తలకిందులవుతుంది. హనిఫారు బా అటోల్ తూర్పు అంచున ఉండటం, అక్కడ మాంటాలు ఆ నెలల్లోనే రావడం ఇందువల్లే.

కాబట్టి ఏడు రాత్రులకు ఒకే రిసార్టు తీసుకున్నవారు ఒక అటోల్‌కు, ఆ నెలలో తమ పడవ చేరగల వైపుకే కట్టుబడిపోతారు. సొంతంగా వెళ్లేవారు మూడు రాత్రులు వావులో, నాలుగు దిగురాలో అని పంచుకోవచ్చు. కానీ ఒక అటోల్ నుంచి ఇంకోదానికి వెళ్లే స్పీడ్‌బోట్లు ఎక్కువగా మాలే మీదుగానే తిరగడంతో మధ్యలో ఒక పూట పోతుంది. రోజుకు మూడు డైవ్‌ల ఆకలి ఉన్నవారికి ఈ రెండూ కాక మూడో దారి, రాత్రి బస కూడా నీళ్ల మీదే సాగే సఫారీ పడవ.

ప్రవాహాలంటే సరదా కాదు. మాల్దీవుల నిబంధనల ప్రకారం వినోదపు డైవింగ్‌కు లోతు పరిమితి 30 మీటర్లు. ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ 18 మీటర్ల వరకే అనుమతిస్తుంది, కండూల్లో దిగడానికి అది సరిపోదు. త్వరగా పైకి వచ్చినప్పుడు శరీరంలో నైట్రోజన్ బుడగలు కట్టే జబ్బుకు వైద్యం పీడన గదిలోనే సాధ్యం. బండోస్, కురమతి దీవుల్లో అలాంటి గదులున్నాయి. దూరపు ఊరి దీవిలో దిగేవారు దగ్గరి గది ఎక్కడుందో, అక్కడికి ఎవరు చేరుస్తారో డైవ్ సెంటర్‌ను ముందే అడగాలి. మామూలు ప్రయాణ బీమా డైవింగ్‌ను మినహాయించడం మామూలే, డైవింగ్ బీమా విడిగా తీసుకోవాలి. ఈ విషయంలో పొదుపు చేయకూడదు.

ఎంపిక లేని చోట్లు

మలేసియాలోని సిపదాన్‌లో వాదనే అక్కర్లేదు. దీవి మీదున్న రిసార్టులన్నింటినీ 2004 చివరికల్లా తొలగించారు. రోజుకు 120 మంది అని మొదలైన పరిమితిని తర్వాత పెంచినా, అనుమతి పత్రాలు డైవ్ సంస్థల ద్వారానే అందుతాయి. దగ్గర్లోని మాబుల్ దీవిలోనో సెంపోర్నాలోనో నాలుగైదు రోజులు డైవ్ చేసేవారికి సిపదాన్‌లో ఒకటి రెండు రోజులు దక్కుతాయి. సొంతంగా వెళ్లినవారూ ఏదో ఒక సంస్థ తలుపు తట్టక తప్పదు.

కరీబియన్‌లోని బొనైర్ దీనికి పూర్తిగా విరుద్ధం. 1962లో అక్కడికి చేరిన కెప్టెన్ డాన్ స్టీవర్ట్ డైవింగ్‌ను పెంచి పోషించాడు. 1979లో దీవి చుట్టూ సముద్ర పార్కు ఏర్పడింది. పడమటి తీరం వెంట రోడ్డు పక్కన పసుపు రాయి కనిపిస్తే అది డైవ్ స్థలమని గుర్తు. ఒక పికప్ ట్రక్కు అద్దెకు తీసుకుని, సిలిండర్లు వేసుకుని, నచ్చిన రాయి దగ్గర ఆగి నడుచుకుంటూ నీళ్లలోకి దిగవచ్చు. సొంత ప్రయాణానికి ఇంతకంటే అనువైన తీరం అరుదు.

మనకు దగ్గరి సముద్రాల్లో లక్షద్వీప్ సిపదాన్ వైపు మొగ్గుతుంది. భారతీయులకూ అనుమతి పత్రం కావాలి, కద్మత్, బంగారం వంటి దీవులకు వెళ్లేవారు ఎక్కువగా ప్యాకేజీ మీదే వెళతారు. అండమాన్‌లో స్వేచ్ఛ ఎక్కువ. తెలుగువాళ్లు గణనీయంగా స్థిరపడ్డ పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో దిగి, ఫెర్రీ మీద హావ్‌లాక్‌కు, అంటే స్వరాజ్ ద్వీప్‌కు చేరితే, బస ఎక్కడైనా తీసుకుని డైవ్ సెంటర్‌ను విడిగా ఎంచుకోవచ్చు. డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ వంటి చోట్లకు పడవలు అక్కడి నుంచే బయలుదేరతాయి. గాలివాన వస్తే ఫెర్రీలు ఆగిపోతాయి. వరసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. ఈ రెండింటినీ దృష్టిలో పెట్టుకుని, హావ్‌లాక్ నుంచి తిరుగు ఫెర్రీని విమానానికి ఒక రోజు ముందుకు బుక్ చేసుకోవడం అక్కడికి తరచూ వెళ్లే డైవర్ల పద్ధతి.